డబ్బాలో గీత దిగితే

పాపా,

కారు కొన్నావని మీ నాయన చెప్పగానే నీకు రెండు మాటలు చెప్పాలనిపించింది. ఫోనులో చెబితే "సరే పెదనాయనా, సరే" అంటావు. ఆ సరే ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. చదివి డ్యాష్‌బోర్డు అరలో ఆర్‌సీ పక్కన పడేయి. ఎండాకాలంలో ఎప్పుడో ఒకరోజు పనికొస్తుంది.

"లారీ ఇంజన్లు విప్పిన మనిషికి కరెంటు కార్ల సంగతేం తెలుసు" అని మీ తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ. నా బతుకంతా వేడితోనే గడిచింది. తిరుత్తణి ఎండలో బండిని చల్లగా ఉంచడమే నాకు తిండి పెట్టిన విద్య. 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఏలుబడి మారింది గానీ ఎండ మారలేదు. ఏప్రిల్, మే నెలల్లో వార్తల్లో ఎండ లెక్కలు చదివేటప్పుడు వేలూరు, తిరుత్తణి పేర్లు ముందు వరసలో వినబడతాయి. తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు పోయేది నలభై కిలోమీటర్ల పైచిలుకే. ఆ దూరం నీ బ్యాటరీకి లెక్కలోది కాదు. నువ్వు డ్యూటీలో ఉన్నంతసేపూ కాక్కలూరు ఎస్టేట్‌లో రేకుల షెడ్డు పక్కన అది పడే ఎండే దానికి అసలు కష్టం.

ముందు ఒక తేడా మనసుకు పట్టించుకో. డీజిల్ ఇంజనుకు తొంభై డిగ్రీల వేడి హాయి. బయట 42 ఉన్నా సరే, రేడియేటర్‌లో మరుగుతున్న నీళ్లకు ఆ గాలి చల్లగాలే. అందుకే ఒక ఫ్యాను, ఒక రేడియేటరు, ఒక బిందె నీళ్లు ఉంటే చాలు, మా లారీలు ఘాట్లు ఎక్కేశాయి. లిథియం బ్యాటరీ అట్లా కాదు. మనకు ఏ వేడి సుఖమో దానికీ అదే సుఖం, ఇరవై నుంచి ముప్పై అయిదు డిగ్రీల దాకా. నలభై అయిదు దాటి రోజూ ఉడికిందంటే లోపలి రసాయనాలు తొందరగా ముసలివైపోతాయి. పది డిగ్రీలు పెరిగితే ఆ ముసలితనం దాదాపు రెట్టింపు వేగంతో వస్తుందని ఈ విద్య తెలిసినవాళ్లు చెప్పే మోటు లెక్క. మరి బయటి గాలే 42 ఉన్నప్పుడు ఆ గాలి తగిలించి బ్యాటరీని 30కి ఎట్లా దించుతావు? దించలేవు. రేడియేటర్ ఎంత పెద్దదైనా గాలిని మించి చల్లబరచలేదు.

కాబట్టి ఈ కార్లు చేసినవాళ్లు ఏసీని పనిలోకి దించారు. మన పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన హ్యుందాయ్ కోనా అయినా, 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ అయినా బ్యాటరీని కూలెంట్‌తో చల్లబరచుకునేవే. బ్యాటరీ సీట్ల కింద నేలబారుగా ఉంటుంది. సెల్స్‌ను ఆనుకుని సన్నటి దారులున్న లోహపు పలక ఉంటుంది. పాల గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే ఈ ఏర్పాటు, కాకపోతే ఇక్కడ నీళ్లు తిరుగుతూ ఉంటాయి. వాటిని తిప్పేది చిన్న కరెంటు పంపు. చల్లని రోజుల్లో ముందున్న రేడియేటరే చాలు. ఎండ ముదిరితే ఆ కూలెంట్ చిల్లర్ అనే చిన్న పెట్టెలోకి మళ్లుతుంది. అక్కడ ఏసీ గ్యాసు దాని వేడిని లాగేస్తుంది. నీ ముఖానికి చల్లగాలి కొట్టే కంప్రెసరే నీ సీటు కింద బ్యాటరీని కూడా చూసుకుంటోందన్నమాట.

పాత కారులో ఏసీ గ్యాసు తగ్గితే మనకు చెమట పట్టేది, అద్దాలు దించుకునేవాళ్లం. ఈ కారులో గ్యాసు తగ్గితే బ్యాటరీకీ కష్టమే, దానికి దించుకోను అద్దాలు లేవు. అందుకని ఏసీ కాస్త మందంగా ఉందనిపిస్తే "ఒక్కదాన్నే కదా, ఓర్చుకుంటాను" అనుకోవద్దు. ఏసీని ఎండలు ముదరకముందే, మార్చిలోనే చూపించేయి. హైవే మీద ఫాస్ట్ చార్జింగ్ ఈమధ్య మెల్లగా ఎక్కుతోందంటే ఒక్కోసారి కారణం చార్జర్ కాదు, ఈ ఏసీయే.

ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. గ్యాసు పట్టించడానికి రోడ్డు పక్క ఏసీ షాపుకు పోవద్దు. వాళ్లు పనిమంతులే, నా స్నేహితులే. కానీ మామూలు కార్ల కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టు తిప్పుతుంది. నీ కారులో దాన్ని పెద్ద బ్యాటరీ కరెంటే తిప్పుతుంది, మోటారు లోపలే ఉంటుంది. అందువల్ల దాని నూనె వేరు, కరెంటు పారనివ్వనిది. మామూలు కార్లకు గ్యాసు పట్టించిన మిషనులోనే దీనికీ పట్టిస్తే పైపుల్లో మిగిలిన ఆ నూనె కొంచెం దీనిలోకి దిగుతుంది. అంతే, ఇన్సులేషన్ పడిపోయిందని కారు మొరాయిస్తుంది. కంప్రెసర్ మార్చేదాకా పోతుంది వ్యవహారం. ముందే అడుగు: "ఈవీకి వేరే మిషను ఉందా?" లేదంటే నమస్కారం పెట్టి వచ్చేయి.

ఇప్పుడు నేను రాయాలనుకున్న అసలు మాట.

బానెట్ ఎత్తితే లోపల తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనబడుతుంది, పైనొక గీత, కిందొక గీత. కొన్ని కార్లలో రెండు డబ్బాలుంటాయి, ఒకటి బ్యాటరీది, ఇంకొకటి మోటారుది. ఏది దేనిదో మాన్యువల్‌లో చూసి గుర్తుపెట్టుకో. పొద్దున బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు నెలకోసారి ఆ డబ్బా చూడు. మూత తీయక్కర్లేదు, బయటి నుంచే తెలుస్తుంది. కూలెంట్ రెండు గీతల మధ్య ఉంటే బానెట్ దించేయి. ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే మరీ మంచిది, పోయిన నెలకీ ఈ నెలకీ పోల్చుకోవచ్చు.

తగ్గితే ఏం చేస్తావు? మన ఇళ్లలో ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు, నీళ్లు పొయ్యమని. మీ నాయనా అదే చెబుతాడు. లారీ రోజుల అలవాటు అది. పుత్తూరు దాటేలోపు రెండుసార్లు బండి ఆపడం, గోనెపట్టాతో మూత తిప్పడం, పక్క పొలం బావి నీళ్లు క్యానుతో పోయడం, మళ్లీ కదలడం. మరిగే ఇంజను నీళ్లు తాగుతుంది, పోస్తాం, అది సహజం. నీ కారులో ఈ నీళ్లు మరగవు, ఆవిరి కావు. మూసిన దారిలో తిరిగే కూలెంట్ అది. కొత్తలో పైపుల్లో చిక్కుకున్న గాలి బయటికొచ్చి కాస్త దిగితే దిగవచ్చు. ఆ తరవాత కూడా దిగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. నువ్వు పైన పోస్తుంటే కింద కారేది కనబడకుండా పోతుంది. కాబట్టి నింపొద్దు తల్లీ. ఎందుకు తగ్గిందో అడుగు. అడిగి చూపించి, వాళ్లు కారణం పట్టుకుని సరిచేశాకే నింపించు.

కారితే ఏమవుతుందో అమెరికా వాళ్లకు అనుభవంలోకి వచ్చింది. 2011 మేలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ షెవర్లే వోల్ట్ కారును పక్క నుంచి స్తంభానికి గుద్దించి పరీక్ష చేసింది. కారు పరీక్ష గట్టెక్కింది. తీసుకుపోయి ఆవరణలో పెట్టారు. మూడు వారాల తరవాత అక్కడే దానంతటదే మంటలంటుకుని పక్కనున్న బండ్లతో సహా కాలింది. ఆ దెబ్బకు బ్యాటరీ చెడింది, కూలెంట్ లోపలికి కారింది, అదే షార్ట్ కావడానికి దారితీసిందని తేల్చారు. 2012 జనవరిలో కంపెనీ బ్యాటరీ చుట్టూ ఉక్కును బలపరచింది. దాంతోపాటు రెండు చిన్న పనులు చేసింది. కూలెంట్ ఎంత ఉందో కనిపెట్టే సెన్సర్‌ను డబ్బాలో పెట్టింది, ఎవరుపడితే వాళ్లు మూత తీసి ఎక్కువ పోయకుండా పైన ఒక బిగింపు పెట్టింది. చూశావా, కారును కనిపెట్టినవాళ్లకు కూడా మన చేతి క్యాను అంటేనే భయం.

పైగా మన నీళ్లు! తిరుత్తణి బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందని నీకు నేను చెప్పాలా? ఆ పొర సన్నటి దారుల్లో కడితే కూలెంట్ పారదు. ఆ ఉప్పులే నీళ్లలో కరెంటు పారేట్టు చేస్తాయి, అల్యూమినియంను తినేస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పోద్దామని ఇంకొకరు సలహా ఇస్తారు. ఆ బ్యాటరీ వేరు, ఈ బ్యాటరీ వేరు. లిథియం బ్యాటరీ లోపలికి మనం పోసేదంటూ ఏమీ లేదు. డబ్బాలోకి వెళ్లేది కంపెనీ చెప్పిన కూలెంట్ ఒక్కటే. దాన్నీ రంగు చూసి కొనొద్దు. ఒక కంపెనీ గులాబీ రంగుకూ ఇంకొక కంపెనీ గులాబీ రంగుకూ పొత్తు కుదరకపోవచ్చు, కలిస్తే జిగటగా ముద్ద కట్టవచ్చు. హ్యుందాయ్, కియా వాళ్ల కొన్ని కార్లలో కరెంటు దాదాపు పారనివ్వని నీలం కూలెంట్ వాడతారు. దానిలో మామూలు పచ్చది పోస్తే ఎందుకు పెట్టారో ఆ లాభమే పోతుంది. మార్చే గడువు కూడా ఒక్కో కారుకు ఒక్కోటి, మాన్యువల్ చెప్పిందే వేదం. మార్చేటప్పుడు పైపుల్లో గాలి బుడగ మిగలకుండా తీయాలి, దానికి కంప్యూటర్ తగిలించి పంపు తిప్పించాలి. మన సందు చివర మెకానిక్ చేసే పని కాదు. నారింజ రంగు వైర్ల జోలికి నువ్వూ పోవద్దు, అతన్నీ పోనివ్వొద్దు.

బండి పెట్టిన చోట నేల మీద రంగు నీళ్లు కనబడితే మట్టి పోసి తుడిపించు, బాగా కడిగించు. చాలా కూలెంట్లలో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్క నాకినా, దూడ నాకినా ప్రాణం పోతుంది. పిల్లలు తిరిగే వాకిలి మనది.

ముందు వైపు జాలి సంగతి. చెరకు కొట్టే రోజుల్లో తిరువాలంగాడు మిల్లుకు పోయే బండ్ల వెనక నడిపావంటే ఎండుటాకు తునకలు నీ ముందు జాలిలోకే వస్తాయి. కనకమ్మసత్రం దాటాక రోడ్డు పనుల దుమ్ము, తిరువళ్లూరు పక్క ఇటుక బట్టీల దుమ్ము సరేసరి. జాలి వెనక కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి. రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి దూరదు. వాటర్ సర్వీస్‌కు ఇచ్చినప్పుడు దగ్గరుండి చూడు. కుర్రాడు గన్ను ఆనించి కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి, అప్పుడు మురికి పోయినా గాలికి దారి ఉండదు. దూరం నుంచి మామూలు ధారతో కడిగితే చాలు. కొత్త బండిని కొండకు తీసుకుపోయి స్వామి దగ్గర పూజ చేయించావు, సంతోషం. ఆయుధ పూజకు కూడా చేయించు, నిమ్మకాయలు తొక్కించు, గుమ్మడికాయ కొట్టించు. అరటి పిలకలు, బంతి దండలు మాత్రం జాలికి అడ్డంగా కట్టి వారం రోజులు తిప్పకు. పూజ అయ్యాక తీసి పక్కన పెడితే స్వామికి కోపం రాదు.

చార్జింగ్ గురించి మీవాళ్లు నీకు చాలా చెప్పి ఉంటారు, నేను వేడి వరకే చెబుతాను. కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఇంట్లో ఏడు కిలోవాట్లతో ఎక్కేదాన్ని హైవే మీద యాభై ఆరుతో ఎక్కిస్తే కరెంటు ఎనిమిది రెట్లు, ఆ సమయంలో పుట్టే వేడి అరవై నాలుగు రెట్ల దగ్గరికి పోతుంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు మద్రాసు నుంచి ఆపకుండా వచ్చి, ఉడుకుతున్న బ్యాటరీకి అట్లాగే ఫాస్ట్ చార్జర్ తగిలిస్తే అది ఏం చేస్తుంది? తనను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించి తీసుకుంటుంది. చార్జర్ దగ్గర "యాభై అని రాసి ఇరవయ్యే ఇస్తున్నారు" అని కొట్లాడేవాళ్లలో సగం మందికి వచ్చిన చిక్కు ఇదే. నీకు రోజూ పోయి వచ్చే దూరమే కాబట్టి రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పెట్టుకుంటే సరిపోతుంది. ఫాస్ట్ చార్జర్ దూర ప్రయాణాలకు ఉంచుకో. అది పెట్టిన కాసేపటికి ముందు ఫ్యాన్లు హోరుమంటే భయపడి ప్లగ్ పీకేయకు. చల్లబరచుకుంటోందని అర్థం. హోరు రావాల్సిన చోట రాకపోతేనే అనుమానించాలి.

ఈ చల్లబరచే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో అరిజోనా ఎడారిలో తేలింది. తొలి నిస్సాన్ లీఫ్ కార్లలో బ్యాటరీకి కూలెంటూ లేదు, ఫ్యానూ లేదు. ఫీనిక్స్ ఎండలకు 2012 నాటికే, అంటే కార్లు రోడ్డెక్కి రెండేళ్లు కూడా నిండకుండానే, బ్యాటరీ పట్టు తగ్గిపోతోందని అక్కడివాళ్లు గొడవపెట్టారు. మరుసటి ఏడు కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి ప్రత్యేకంగా వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. మన ఎండ ఫీనిక్స్ అంత కాకపోయినా ఆ వంశందే. కాక్కలూరులో వాచ్‌మన్‌ను అడిగి వేపచెట్టు కింద చోటు సంపాదించు. నాలుగు ఆకులు పడితే పడనీ. ఎండలో నిలబెట్టక తప్పని రోజు నూటికి నూరు నింపి నిలబెట్టకు. నిండా ఉండటం, వేడిగా ఉండటం రెండూ కలిస్తేనే బ్యాటరీకి ఎక్కువ చేటు.

తిరుపతి పోయేటప్పుడు రేణిగుంట దగ్గర ఫాస్ట్ చార్జింగ్ పెట్టి, తీసిన వెంటనే ఘాట్ ఎక్కకు. చార్జింగ్ వేడి దిగకముందే ఎక్కుడు వేడి తోడవుతుంది. టిఫిను చేయి, అమ్మను కాసేపు కూర్చోనివ్వు, ఆ తరవాత ఎక్కు. దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కరెంటు వెనక్కి వస్తుందని మురిసిపోతావు, నిజమే. పైన ఎక్కడో నిండా చార్జి చేసి దిగితే మాత్రం ఆ కరెంటుకు చోటుండదు, మామూలు బ్రేకుల మీదే దిగాలి.

మీ చిన్నాన్న హైబ్రిడ్ కొనే ఆలోచనలో ఉన్నాడట. టొయోటా ప్రియస్, కేమ్రీ లాంటి కార్లలో బ్యాటరీని క్యాబిన్ గాలే చల్లబరుస్తుంది. గాలి పీల్చే చిన్న జాలి వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పడేసి ఊరంతా తిరగొద్దని చెప్పు. నా మాట వినడు, నీ మాట వింటాడు.

ఎలుకల గురించి నవ్వొద్దు. వడ్ల బస్తాలున్న ఇల్లు మనది. కూలెంట్ పైపునూ వైరునూ అవి ఒకే రుచితో కొరుకుతాయి. డబ్బాలో గీత దిగడానికి మన వైపు అది కూడా ఒక కారణం. ఇంకొకటి స్పీడ్ బ్రేకర్లు. ఊరికొకరు తమకు తోచిన ఎత్తున పోస్తారు. కింద టక్కున తగిలిన చప్పుడు వినబడితే ఆ వారంలోనే లిఫ్టు ఎక్కించి అడుగు చూపించు. తగిలింది బ్యాటరీ పెట్టెకే కావచ్చు.

వానాకాలం వస్తే పూండి గేట్లు ఎత్తారన్న వార్త వినగానే కొసస్తలైయారు పక్క దారులు మానుకో. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానుకు ఈ జిల్లాలో నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో చూశావు. బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని దాని అర్థం. రాత్రంతా బురదలో నానమని కాదు. మునిగిన కారును స్టార్ట్ చేయకు, చార్జింగ్ పెట్టకు, ఇంటి గోడకు ఆనించి ఉంచకు. లారీ మీద ఎక్కించి పంపు.

మీ తమ్ముడి ఈ-స్కూటర్‌లో పంపు లేదు, కూలెంట్ లేదు. దాని వేడికి గాలే దిక్కు. 2022 మార్చిలో వేలూరులో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని, పొగకు ఒక తండ్రీ కూతురూ పోయారు. ఆ ఏడు ఇట్లాంటివి ఇంకా జరిగాకే కేంద్రం బ్యాటరీ పరీక్షలు బిగించి, డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. ఎండలో తిరిగొచ్చిన స్కూటర్‌కు వెంటనే ప్లగ్ పెట్టొద్దని, మెట్ల కింద, వాకిలికి అడ్డంగా పెట్టొద్దని వాడికి చెప్పు. నేను చెబితే మళ్లీ నవ్వుతాడు.

సర్వీస్ కాగితాలన్నీ ఒక ఫైలులో దాచు. మన దేశంలో చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. రేపు అడగాల్సి వస్తే ఏ కూలెంట్ పోశారో, ఎప్పుడు పోశారో వాళ్లు చూస్తారు. బిల్లులో కూలెంట్ పేరు రాయించుకో. ఏటా బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో ప్రింటు తీసి ఇమ్మను. ఇస్తారు, అడగాలంతే. మొదటి సర్వీసుకు ఎప్పుడు పోతావో ముందు రోజు ఫోన్ చేయి, నేనూ వస్తాను. వాళ్లు లిఫ్టు ఎక్కించినప్పుడు అడుగున ఆ పెట్టె ఎట్లా బిగించారో నాకూ ఒకసారి చూడాలని ఉంది.

— మీ పెదనాయన